అడవి బాటకు ఏ బండి?

సొంత భూమిలో చెట్ల మధ్య బాట వేసుకోవడం ఒక్క చలికాలంలో అయిపోయే పని. అది మూసుకుపోకుండా చూసుకోవడం మాత్రం ఏటేటా ఉండేదే. అమెరికాలో జార్జియా, కరొలైనాల ఎర్రమట్టిలో పదో ఇరవయ్యో ఎకరాల అడవి కొన్నవాళ్లకు ఈ సంగతి తొందరగానే తెలిసొస్తుంది. గాలివాన మర్నాడు ఓక్ కొమ్మలు అడ్డంగా పడి ఉంటాయి. వాలులో నీళ్లు మట్టిని కోసేసి ఉంటాయి. గ్రీన్‌బ్రయర్ ముళ్లతీగ రెండు పక్కల నుంచీ అల్లుకొచ్చేస్తుంది. రంపం, పెట్రోలు డబ్బా, పార, గొలుసులు మోసుకుంటూ అరమైలు నడిచేసరికే సగం ఓపిక అయిపోతుంది. సైడ్ బై సైడ్ కొందామన్న ఆలోచన పుట్టేది అప్పుడే. (సైడ్ బై సైడ్ అన్నా యూటీవీ అన్నా ఒకటే: స్టీరింగు, పక్కపక్కన సీట్లు, సీటు బెల్టులు, తలపైన ఇనప చట్రం, వెనక తొట్టి.)

షోరూములో మాటలన్నీ హార్స్‌పవర్ చుట్టూ, వేగం చుట్టూ తిరుగుతాయి. బాట పనిలో గంటకు 10 మైళ్లు దాటే సందర్భమే అరుదు, కాబట్టి ఆ అంకెలను పక్కన పెట్టేయొచ్చు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. బండి వెడల్పు ఎంత? ఎంత మోస్తుంది? బరువుతో నెమ్మదిగా ఎక్కేటప్పుడు గేరు తట్టుకుంటుందా? తిరిగొచ్చేటప్పుడు బాటను ఏం చేసి వస్తుంది?

కొనే ముందు టేపు పట్టుకుని బాటంతా ఒకసారి నడవండి. అన్నిటికన్నా ఇరుకైన చోటు ఎంతుందో అదే మీ బండి కొలత. రెండు చెట్ల మధ్య సందును నేల దగ్గర మాత్రమే కొలిస్తే చాలదు. చెట్లు నిటారుగా ఉండవు కాబట్టి మోకాలి ఎత్తులోనూ భుజం ఎత్తులోనూ కూడా కొలవాలి. మలుపుల్లో ఇంకో చిక్కుంది. వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలి పక్కకు జరిగి వస్తాయి. ఆరు సీట్ల పొడుగు బండి అయితే మలుపు లోపలి చెట్టు బెరడు చెక్కుకుపోవడం ఖాయం. చెట్లలో పనికి రెండు సీట్ల బండే మేలు. పిల్లలను తిప్పడానికి కూడా పనికొస్తుందని పొడుగు బండి కొన్నవాళ్లు, వెనక్కి తిప్పుకునే చోటు కోసం నాలుగు చెట్లు అదనంగా కొట్టుకోవాల్సి వస్తుంది.

బండి వెడల్పుకు అటొక అడుగు, ఇటొక అడుగు కలపండి. 60 అంగుళాల బండికి 7 అడుగుల బాట కావాలి. 50 అంగుళాల బండికి 6 అడుగుల 2 అంగుళాలు చాలు. పది అంగుళాలే కదా అనిపిస్తుంది. మైలు పొడవునా అంత వెడల్పు చేయాలంటే ఎన్ని చెట్లు పడాలో, కొండవాలులో ఎంత గట్టు తవ్వాలో లెక్కేస్తే, వెడల్పు బండి చవగ్గా దొరికి వెయ్యి డాలర్లు మిగిలినా అవి కనిపించవు. నేషనల్ ఫారెస్టుల్లో కూడా 50 అంగుళాలు, అంతకు లోపు వెడల్పు ఉన్న బండ్లకే తెరిచిన బాటలు ఒక తరగతిగా ఉన్నాయి. స్వచ్ఛందంగా అక్కడ బాట పనులకు వెళ్లే ఉద్దేశం ఉంటే ఆ గీత దాటకండి. హోండా పయనీర్ 520 సరిగ్గా 50 అంగుళాలుంటుంది. క్యుబోటా ఆర్‌టీవీ-ఎక్స్1100సీ లాంటి బరువు పనుల బండి 63 దాకా పోతుంది. (1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కిందికి వచ్చే అడవుల్లోకి మామూలుగా ఏ మోటారు బండికీ ప్రవేశం లేదు, చైన్ సా కూడా కుదరదు. అక్కడ అడ్డం పడిన దుంగలను ఇప్పటికీ ఇద్దరు చెరో పక్కా పట్టి లాగే రంపంతోనే కోస్తారు.)

ఇరుకు బండికీ దాని ఇబ్బంది ఉంది. పక్కవాలులో తొందరగా ఒరుగుతుంది, తొట్టిలో దుంగలు ఎత్తుగా పేర్చితే మరీను. మీ బాటలు ఎక్కువగా కొండకు అడ్డంగా, ఒకవైపు వాలి ఉంటే 50 అంగుళాల బండిలో సగం తొట్టికి మించి వేయకూడదని ముందే అనుకోండి. ఎత్తు సంగతి తేలిక: 8 అడుగుల దాకా కొమ్మలు కొట్టేస్తే సరిపోతుంది. అయితే వాన తడికి, మంచు బరువుకు కొమ్మలు కిందికి వంగుతాయి కాబట్టి 9 అడుగులు కొట్టుకుంటే ఏడాది పొడవునా నిశ్చింత.

ఇక బరువు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కంపెనీ రెండు అంకెలు ఇస్తుంది: తొట్టి ఎంత మోస్తుంది, బండి మొత్తం ఎంత మోస్తుంది. రెండో దానిలో మనుషులు, విన్చ్ (బండికి బిగించే, తాడు చుట్టుకుని లాగే మోటారు డ్రమ్ము), పైకప్పు, అద్దం, పనిముట్లు అన్నీ కలిసే ఉంటాయి. మొత్తం 1,400 పౌండ్లు అన్న బండి తీసుకోండి. ఇద్దరు మనుషులు 340, విన్చ్ దాని పట్టీతో 70, పైకప్పూ అద్దమూ 80, రంపమూ పెట్రోలూ గొలుసులూ 60. అప్పుడే 550 పోయింది. మిగిలింది 850.

ఆ 850లో ఏం పడుతుంది? పచ్చి రెడ్ ఓక్ ఘనపుటడుగు 63 పౌండ్ల దాకా తూగుతుంది. 12 అంగుళాల మందం, 8 అడుగుల పొడవున్న దుంగ దాదాపు 400 పౌండ్లు. మందం 16 అంగుళాలకు పెరిగితే అదే పొడవు దుంగ 700. అంటే పెద్ద దుంగ ఒక్కటే మీ సరుకు. కంకర ఇంకా మోసం చేస్తుంది. నాలుగున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతున్న తొట్టిని అంచు దాకా నింపితే అర క్యూబిక్ యార్డు, అంటే సుమారు 1,350 పౌండ్లు. చూడ్డానికి తొట్టి నిండిందంతే, బరువు మాత్రం ఎప్పుడో గీత దాటింది. కంకరకు తొట్టి లోపల సగం ఎత్తులో రంగుతో ఒక గీత గీసుకోవడం మంచి అలవాటు. నీళ్లు గ్యాలన్‌కు 8.34 పౌండ్లు. 25 గ్యాలన్ల మందు ట్యాంకు 208 పౌండ్లవుతుంది, పైగా సగం ఖాళీ అయ్యాక మలుపుల్లో నీళ్లన్నీ ఒకే పక్కకు ఊగుతాయి.

తొట్టి ఇనుముదా ప్లాస్టిక్‌దా అన్న వాదన చాలాచోట్ల వినిపిస్తుంది. రాళ్లు విసిరి వేసేవాళ్లకు ఇనుము. తడి ఆకులూ కట్టెలూ మోసేవాళ్లకు ప్లాస్టిక్, తుప్పుండదు. తేడా అంతే. తొట్టిని పైకెత్తి కుమ్మరించే ఏర్పాటు మాత్రం తప్పనిసరి. కంకరను పారతో దింపడం ఒక్కసారి చేస్తే రెండోసారి బుద్ధి పుట్టదు.

ఇప్పుడు గేరు. అసలు ఎంపికంతా ఇందులోనే ఉంది.

ఎక్కువ యూటీవీల్లో ఉండేది సీవీటీ. రెండు కప్పీల మధ్య వెడల్పాటి రబ్బరు బెల్టు తిరుగుతుంది. వేగాన్ని బట్టి కప్పీలు విచ్చుకుంటాయి, దగ్గరకొస్తాయి, నిష్పత్తి దానంతటదే మారుతుంది. మైదానంలో హాయిగా ఉంటుంది. బాట పనిలో బెల్టు చచ్చేది మూడు రకాలుగా. ఒకటి, హై గేరులో నెమ్మదిగా బరువు లాగడం. కప్పీ బెల్టును గట్టిగా పట్టుకోనే పట్టుకోదు, జారుతూ వేడెక్కిస్తుంది. గంటకు 7 మైళ్ల లోపు నడిపేటప్పుడు, బరువున్నప్పుడు, ఎక్కేటప్పుడు లో గేరులోకి మార్చడమొక్కటే దీనికి మందు. రెండు, చక్రం మోడుకు తట్టుకుని బండి ఆగిపోయినా యాక్సిలరేటరు తొక్కుతూనే ఉండడం. బెల్టు ఉన్నచోటే ఉంటుంది, ముందు కప్పీ మాత్రం దాన్ని ఒకేచోట రాస్తూ తిరుగుతుంది. అక్కడ కాలి గుంట పడుతుంది, ఆ తర్వాత బండి కదిలినప్పుడల్లా దడదడ కొట్టుకుంటుంది. మూడు, వాగు దాటేటప్పుడు బెల్టు పెట్టెలోకి నీళ్లు చేరడం. అలాంటప్పుడు న్యూట్రల్‌లో పెట్టి కాసేపు ఇంజను పెంచితే గాలికి ఆరుతుంది, గేరు వేసి తొక్కకూడదు. కాలిన రబ్బరు వాసన వచ్చిందంటే పని ఆపి, ఇంజను నడుస్తూ ఉండగా పది నిమిషాలు చల్లారనివ్వాలి. సీవీటీ బండి కొన్నవాళ్లు ఒక బెల్టు, మూత విప్పే పానా సీటు కింద ఎప్పుడూ ఉంచుకోవాలి.

క్యుబోటా ఆర్‌టీవీల్లో పెద్దవాటిది హైడ్రోస్టాటిక్ పద్ధతి. బెల్టు లేదు, నూనె ఒత్తిడితోనే చక్రాలు తిరుగుతాయి. అంగుళం అంగుళం కదపొచ్చు, కాలు తీస్తే బండి తనంతట తానే ఆగుతుంది. దిగుడులో బరువుతో వచ్చేటప్పుడు ఈ గుణం విలువ తెలుస్తుంది. సీవీటీ బండ్లలో చాలావాటికి వేగం బాగా తగ్గాక కప్పీ బెల్టును వదిలేస్తుంది, ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అలాంటి బండిలో ఇంజను బ్రేకింగ్ ఏర్పాటు ఉందో లేదో అడిగి తీసుకోండి. హైడ్రోస్టాటిక్‌కు లోటు లేదని కాదు: చప్పుడు ఎక్కువ, వేగం తక్కువ, ఫిల్టరూ నూనే ఖరీదు. హోండా పయనీర్లది మూడో దారి, కారు తరహాలో అసలు గేర్లే. 700లో టార్క్ కన్వర్టరు, 1000లో డ్యూయల్ క్లచ్. బెల్టు గొడవ లేదు. ఇరుకు బాటలూ మోస్తరు బరువులూ అయితే నా ఓటు గేర్ల బండికి. ఏడాది పొడవునా కంకర, దుంగలు, ఎక్కుడు దిగుడు అయితే హైడ్రోస్టాటిక్. సీవీటీని మూడో స్థానంలోనే పెడతాను, ధర ఊరించినా.

బాటను బాగుచేయడానికి తెచ్చిన బండే బాటను పాడుచేయడం మామూలుగా జరిగేదే. తడిసిన ఎర్రమట్టిలో ఒక్కసారి చక్రం జాడ రెండంగుళాలు దిగితే వచ్చే వానకు అదే కాలువ. పక్కకు పోవాల్సిన నీళ్లు బాట పొడవునా పరిగెడతాయి, మూడో వానకు మోకాలి లోతు గండి. బూటు ముద్రలో నీరు ఊరుతుంటే ఆ రోజు బండి తీయకండి. బండిలో చూడాల్సింది వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) బిగింపు వదిలే వీలు ఉందా అని. పొలారిస్ దీన్ని టర్ఫ్ మోడ్ అంటుంది. రెండు వెనక చక్రాలూ బిగిసిపోయి కలిసి తిరిగితే మలుపులో ఒకటి జారక తప్పదు, జారితే మట్టి చీలుతుంది. మామూలుగా వదిలేసి నడపాలి, ఇరుక్కున్నప్పుడే బిగించాలి. జాన్ డియర్ కంపెనీ ఆరు చక్రాల యూటీవీ గేటర్ మెత్తటి నేల మీద బరువును బాగా పంచుతుంది, అదే గేటర్ చెట్ల మధ్య గట్టి మలుపు తిరిగిందంటే వెనక నాలుగు చక్రాలూ నేలను గీకుతాయి.

బాటను కొంచెం కిందివైపుకు వాల్చి ఉంచాలి. ఏడడుగుల వెడల్పుకు 5 శాతం వాలు అంటే నాలుగంగుళాల తేడా. నీటిని పక్కకు మళ్లించడానికి అడ్డంగా దుంగ పాతడం నడిచేవాళ్ల బాటలో సరే. బండి తిరిగే బాటలో చక్రాలు దుంగ పక్కన మట్టిని తవ్వేసి దాన్ని కదిలించేస్తాయి. పొడవాటి మెత్తటి పల్లం, దాని వెనక మెత్తటి గట్టు చేసుకుంటే బండీ సాఫీగా దాటుతుంది, నీళ్లూ దిగుతాయి. గట్టు మరీ కూచిగా ఉంటే పొడుగు బండి కడుపు దాని మీద ఆనుకుని నాలుగు చక్రాలూ తేలిపోతాయి.

విన్చ్ లేని బండి అడవిలో సగం బండి. బండీ సరుకూ కలిపిన బరువుకు ఒకటిన్నర రెట్లు లెక్కేసి కొనండి. 2,500 పౌండ్లయితే లెక్క 3,750, కాబట్టి 4,500 విన్చ్. ఆ 4,500 అన్నది డ్రమ్ము మీద తాడు ఒకే పొర ఉన్నప్పటి మాట. పొర పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. బరువైనదాన్ని లాగాలంటే తాడు చాలావరకు బయటికి తీసి, లాగాల్సినదానికి కప్పీ కట్టి, తాడు కొసను వెనక్కి తెచ్చి బండికే తగిలించి లాగండి, బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. ఇనప తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. సింథటిక్ తాడుకు ఆ ఊపు ఉండదు, కానీ రాయి అంచున రాసుకుంటే పీచులు లేస్తుంది. చెట్టుకు తాడు నేరుగా చుట్టొద్దు, వెడల్పాటి పట్టీ వేయాలి, లేదంటే బెరడు కోసుకుపోయి చెట్టు ఎండుతుంది. గట్టిగా లాగేటప్పుడు విన్చ్ రెండు వందల ఆంపియర్లకు పైగా మింగేస్తుంది, బండి తయారుచేసే కరెంటు అందులో చిన్న పాలు. ఇంజను నడుస్తుండగా కాసేపు లాగి, కాసేపు ఆపి, మళ్లీ లాగండి.

దుంగను ఈడ్చుకెళ్లేటప్పుడు గొలుసు కట్టాల్సింది వెనక హిచ్‌కే (బండి వెనక లాగుడు కోసం ఉండే కొక్కెం), కింద ఎత్తులోనే. తొట్టి అంచుకో పై చట్రానికో కట్టారంటే, దుంగ మోడుకు తట్టుకున్న క్షణంలో బండి ముందు భాగం లేస్తుంది. దుంగ ముందు కొసకు ప్లాస్టిక్ శంకువు తొడిగినా, చిన్న చక్రాల చట్రంతో కొస లేపినా అది నేలను దున్నదు, బండికీ భారం తగ్గుతుంది. దిగుడులో మాత్రం ఈడ్చొద్దు, దుంగే వెనక నుంచి వచ్చి బండిని గుద్దుతుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను పడగొట్టిన చెట్ల లాంటివాటితో ఇంకో ప్రమాదం: వేళ్లతో సహా పెకలిన చెట్టు కాండాన్ని కోసి విన్చ్‌తో లాగగానే, మట్టి బరువుకు వేళ్ల గడ్డ మళ్లీ గుంటలోకి కూలబడొచ్చు, మోడు నిటారుగా లేచి నిలబడుతుంది. ఆ గుంట వైపు మనిషి గానీ బండి గానీ ఉండకూడదు.

బండి కింది భాగం షోరూములో ఎవరూ వంగి చూడరు. చూడండి. కడుపు కింద రేకు పూర్తిగా ఉండాలి, చక్రాలను పట్టే చేతులకూ యాక్సిల్ రబ్బరు తొడుగులకూ అడ్డు పలకలు ఉండాలి. నిలబడిన పుల్ల ఒకటి ఆ తొడుగును చీల్చిందంటే గ్రీజు పోయి, మట్టి చేరి, వారాల్లో కీలు అరిగిపోతుంది. ఎండుటాకులు సైలెన్సరు పైన, రేకు లోపల పేరుకుంటాయి, అడవిలో బండి తగలబడడానికి అదో పెద్ద కారణం. పని రోజు మధ్యాహ్నం ఒకసారి చేత్తో తీసేయాలి. ఫారెస్ట్ సర్వీస్ (నేషనల్ ఫారెస్టులను చూసే ప్రభుత్వ శాఖ) నేలల్లో స్పార్క్ అరెస్టర్ (సైలెన్సరులోంచి నిప్పురవ్వలు బయటపడకుండా ఆపేది) తప్పనిసరి, మంటలార్పే డబ్బా మీ క్షేమం కోసం. రేడియేటర్ ముందు గడ్డి విత్తనాలు మూసుకుంటే ముందు నుంచి నీళ్లు కొట్టడం పొరపాటు, ఇంకా లోపలికి దూరతాయి. వెనక నుంచి మెల్లగా కొట్టాలి.

టైర్లు ఆరు పొరలవి వస్తే ఎనిమిది పొరలకు మార్చుకోవడం దండగ కాదు. టైరుకు ముళ్లకన్నా పెద్ద శత్రువు మనం ఏటవాలుగా నరికి వదిలేసిన చిన్న మొక్కల మోళ్లే, ఈటెల్లా ఉంటాయి. నేలకు సమానంగా, అడ్డంగా కోయండి. టెక్సస్‌లో భూమి ఉన్నవాళ్లకు మెస్కీట్ ముళ్లు అదనం. మన ఊళ్లలో చెరువు గట్లను మింగేసిన సర్కారు తుమ్మకు అది దగ్గర చుట్టమే, సైకిలు ట్యూబుతో దాని సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ ట్యూబులెస్ టైరు అతుకుల కిట్టు, 12 వోల్టుల గాలి పంపు ఉండాల్సిందే.

యూటీవీయే కానక్కర్లేదు కూడా. ఏటీవీ (బైకులా ఎక్కి కూర్చుని హ్యాండిలుతో నడిపే నాలుగు చక్రాల బండి) 48 అంగుళాల్లోపే ఉంటుంది, ఎక్కడికైనా దూరుతుంది. కానీ వెనక సామాను రాక్ మోసేది చాలావాటికి 200 పౌండ్ల లోపే, పైన చెప్పిన మందు ట్యాంకే దానికి ఎక్కువ. చిన్న ట్రాక్టరు బాట వేయడానికి బాగుంటుంది, వేసిన బాటను చూసుకోవడానికి బరువెక్కువ. జపాన్‌లో ‘కే’ అనే తరగతి చిన్న ట్రక్కులు (సుజుకి క్యారీ, డైహాట్సు హైజెట్) 25 ఏళ్లు నిండాక దిగుమతి అవుతాయి. వెడల్పు 1.48 మీటర్లు, అంటే 58 అంగుళాలు. మోసేది 350 కిలోలు. తలుపులు, హీటరు అన్నీ ఉంటాయి, ఫోర్ వీల్ కూడా దొరుకుతుంది. స్టీరింగు కుడివైపే కాబట్టి మనవాళ్లకు కొత్త కూడా కాదు. కడుపు కింద ఎత్తు తక్కువ, రోడ్డు రిజిస్ట్రేషను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. గట్టి నేల, తక్కువ మోళ్లు ఉన్న అడవికి చవకైన మంచి బండి. ఎలక్ట్రిక్‌లో పొలారిస్ రేంజర్ ఎక్స్‌పీ కైనెటిక్ 14.9, 29.8 కిలోవాట్ అవర్ బ్యాటరీలతో వచ్చింది, కంపెనీ చెప్పే దూరాలు 45, 80 మైళ్లు. బరువు లాగితే, చలి ముదిరితే అంత రాదు. ఇరవై ఎకరాల్లో రోజుకు ఐదారు మైళ్లు కూడా తిరగం కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు. చప్పుడు లేకపోవడం వల్ల పైన విరిగే కొమ్మ చిటపటా వినిపిస్తుంది. అడవిలో అది చిన్న లాభం కాదు.

పాత బండి కొనేటప్పుడు మైళ్లను గంటలతో భాగించండి. 3,000 మైళ్లు, 300 గంటలు అంటే సగటు 10, తిరిగిన బండి. 900 మైళ్లకు 300 గంటలంటే సగటు 3: బరువులు లాగిందో, ఊరికే ఇంజను నడుస్తూ నిలబడిందో, అమ్మేవాళ్లను అడగాలి. తొట్టి ఎత్తి చట్రం అతుకుల దగ్గర పగుళ్లు వెతకండి, కొత్తగా రంగు వేసిన చోటు ఉంటే అక్కడే ముందు. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక అంటే బేరింగు పోయింది. డిఫరెన్షియల్ నూనె పాలలా ఉంటే బండి నీళ్లలో మునిగింది. బెల్టు బండి అయితే మూత విప్పి చూపించమనండి, వద్దంటే బేరం అక్కడితో ఆపండి. అన్నీ బాగుంటే తొట్టిలో నాలుగైదు వందల పౌండ్లు వేసి, లో గేరులో వాలు ఎక్కి, సగంలో పూర్తిగా ఆపి, మళ్లీ కదిలించండి. తర్వాత రివర్సులో దిగి రండి. అమ్మేవాళ్లు ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయనివ్వాలి. మీరు వెళ్లేసరికే బండి వేడెక్కి ఉంటే మర్నాడు పొద్దున మళ్లీ వస్తానని చెప్పి రండి.